మక్కపిండి ప్లాస్టిక్ నేర్పిన మొండితనం

మా ఫ్యాక్టరీ గేటు మీద ఆకుపచ్చ రంగుతో ఒక ఆకు బొమ్మ ఉండేది. ఆ బొమ్మ గీయించిన రోజు నుంచి దానికీ నాకూ పడలేదు. ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నా ఇప్పటికీ పడదు. కెమిస్ట్రీ చదివి ఈ రంగంలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, బయోప్లాస్టిక్‌లో భవిష్యత్తు ఉందా?" అని అడుగుతుంటారు. భవిష్యత్తు సంగతి నాకు తెలియదు. పని సంగతి తెలుసు. అదే చెబుతాను. ప్రమోషన్లు, మెమోలు, మీటింగులు వదిలేస్తున్నాను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

నేను లాల్‌దర్వాజాలో పుట్టాను. పేరు సునంద. మా బాపుకు బర్రెలుండేవి. ఇంటి వెనక కొట్టం, ముందు గదిలో పాల క్యాన్లు, మధ్యలో మా చదువులు. డిగ్రీ కాగానే కాటేదాన్ వైపు పాలిథిన్ సంచులు చేసే ఒక షెడ్డులో ల్యాబ్ ఉద్యోగం దొరికింది. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక బల్ల, ఒక త్రాసు, ఒక ఓవెన్, సంచి ముక్కను సాగదీసి బలం చూసే ఒక మిషన్. యజమానిని అందరూ సేఠ్ అనేవారు. ఇక్కడ నేనూ అంతే అంటాను. ఆయనతో నా తగువేదో ఆయన ముందే తేల్చుకున్నాను. ఇప్పుడు పేరు రాసి కక్ష తీర్చుకోవలసిన అవసరం లేదు.

పాలిథిన్ సంచులు బంద్ చేస్తారన్న మాట బజారులో మొదలైనప్పుడు సేఠ్‌కు గుబులు పట్టుకుంది. ఒక పొద్దున నన్ను పిలిచాడు.

"పిండితోని ప్లాస్టిక్ చేస్తరంట గదమ్మా. మట్టిల ఏస్తే కలిసిపోతదంట. మనతోని అయితదా?"

"అయితది సేఠ్," అన్నాను.

ఎలా అవుతుందో నాకు తెలియదు. కాలేజీ పుస్తకంలో ఒక్క పేజీ చదివాను, అంతే. అయినా ఆ రోజు ఆ మాట అన్నందుకు ఇప్పటికీ చింత లేదు. పూర్తిగా తెలిసేదాకా ఆగితే ఎవరూ ఏ పనీ మొదలుపెట్టరు.

నీళ్ల మాట

మక్కల నుంచి, అంటే మొక్కజొన్న నుంచి, తీసిన తెల్లటి గంజిపిండికి కొంచెం నీళ్లు, కొంచెం గ్లిజరిన్ కలిపి, వేడి గొట్టంలో తిరిగే స్క్రూతో నలిపితే అది ప్లాస్టిక్‌లాగే కరిగి జారుతుంది. చల్లారితే గట్టిపడుతుంది. పుస్తకంలో ఉన్నది ఇంతే.

పుస్తకంలో లేనిది ఏమిటంటే, ఈ ఉద్యోగం అసలు ప్లాస్టిక్ ఉద్యోగం కాదు, నీళ్ల ఉద్యోగం. నీళ్లు తక్కువైతే పిండి గొట్టంలోనే మాడి బెల్లం పాకంలా నల్లబడుతుంది. ఎక్కువైతే లోపల ఆవిరి పుట్టి, బయటికి వచ్చే తీగ నిండా బుడగలు. మొదటి మూడు నెలలు మాకు ఈ రెండే వచ్చాయి, నలుపు లేకపోతే నురుగు. నేను ఓవెన్‌లో పిండి ఆరబెట్టి, తూచి, పట్టికలు రాసేదాన్ని. పట్టిక ప్రకారం అంతా సరిగ్గానే ఉండేది. మిషన్ దగ్గరికి వెళ్తే మళ్లీ నురుగే.

మిషన్ నడిపే గౌస్ భాయ్ నాకంటే పదేళ్లు పెద్ద. ఏడో తరగతితో చదువు ఆపేసి పాలిథిన్ మిషన్ల మధ్యే పెరిగాడు. ఒక రోజు నా పట్టిక చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టి, నన్ను మిషన్ మూతి దగ్గర నిలబెట్టాడు.

"ఆంఖాఁ బంద్ కర్‌కే సునో బహెన్. పానీ బోల్‌రా."

కళ్లు మూసుకుని విన్నాను. నీళ్లు మాట్లాడుతున్నాయంటే నిజంగానే మాట్లాడుతున్నాయి. సన్నగా, పేలాలు వేగుతున్నట్టు చిటచిటమంటున్నాయి.

"గీ సప్పుడు బంద్ అయ్యేదాక నీ కాయితం నాకు సూపియ్యకు," అన్నాడు.

అప్పుడు తెలిసింది తప్పు ఎక్కడుందో. నేను తూచేది ల్యాబ్‌లో ఆరిన పిండిని. మిషన్‌లో పోసేది షెడ్డు మూలన మూతి తెరిచి ఉన్న బస్తాలోని పిండిని. ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య ఆ పిండి గాలిలోని తేమను పీల్చుకుంటోంది. బస్తాలకు మూతులు కట్టించాను. పిండిని మిషన్ పక్కనే ఆరబెట్టే ఏర్పాటు చేయించాను. వారం తిరగకుండా నున్నటి తీగ వచ్చింది. గౌస్ భాయ్ దాన్ని వేలికి చుట్టుకుని ఉంగరంలా షెడ్డంతా చూపించుకుంటూ తిరిగాడు.

మీరు ఎంత చదువుకుని వచ్చినా సరే, మిషన్ నడిపే మనిషి పక్కన మొదటి ఆరు నెలలు నోరు మూసుకుని నిలబడండి. అది నామోషీ అనుకునేవాళ్లు వేరే ఉద్యోగం చూసుకోవడం మంచిది.

ఇంకో పొరపాటు కూడా అప్పట్లోనే చేశాను. వట్టి పిండి ఖరీదు పడుతుంది, పైగా మెత్తగా ఉంటుంది. బలం కోసం ఏదైనా పొట్టు కలపాలి. వరి ఊక ఊరికే దొరుకుతుంది కదా అని దాన్ని మెత్తగా విసిరించి కలిపించాను. ఆ మిశ్రమాన్ని ప్రెస్సులో ఒత్తి చేసిన భోజనం పళ్లేలు గట్టిగా వచ్చాయి. కొన్ని నెలలకు మిషన్ విప్పి చూస్తే లోపలి స్క్రూ అరిగి అంచులు గుండ్రమైపోయాయి. ఊకలో ఇసుక గుణం ఉంటుందని, ఇనుమునైనా గీకేస్తుందని నేను ముందే చదివి ఉండవలసింది. సేఠ్ ఆ రోజు షెడ్డు అదిరేలా అరిచాడు. ఆ తిట్లు నాకు పడవలసినవే. ఆ తర్వాత ఉస్మాన్‌గంజ్‌లో దుకాణాలు తిరిగి పల్లీ పొట్టు అడగడం మొదలుపెట్టాను.

"ఏంది మేడం, మంది పల్లీలు కొంటరు. మీరు పొట్టు అడుగుతున్నరు?" అని అక్కడివాళ్లు నవ్వారు. నవ్వనిచ్చాను. పొట్టు మాత్రం తెచ్చుకున్నాను. అది స్క్రూను తినలేదు.

ఎల్లమ్మవ్వ కాలు

ఇది రాయకుండా ఉంటే బాగుండును. కానీ ఇది దాచి మిగతావి చెబితే నా మాటకు విలువ లేదు.

పల్లీ పొట్టు కలిపిన పళ్లేలు ఎండాకాలంలో చేశాం. ల్యాబ్‌లో వేడి నీళ్లు పోసి చూశాను. పావుగంట చెక్కు చెదరకుండా నిలబడ్డాయి. ఆషాఢంలో బోనాలకు మా గల్లీలో సామూహికంగా భోజనాలు పెడతారు. నేనే ఎగిరి ముందుకు దూకాను. "ఈసారి మా పళ్లేలు పెడదాం, తిన్నాక మట్టిలో పారేస్తే సరిపోతుంది," అని గల్లీలో అందరికీ చెప్పాను. నా చేతి పని నా వాళ్లు చూడాలన్న గొప్ప తప్ప ఇంకేమీ లేదు అందులో.

పళ్లేల కట్టలు వచ్చాక నాలుగు రోజులు ఒక ఇంటి వరండాలో ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ ముసురు పట్టింది. ఎండలో చేసిన పళ్లెం వానగాలిలో ఏమవుతుందో నేను చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు.

పంక్తిలో ఎల్లమ్మవ్వ కూర్చుంది. మా బాపుకు వరసకు మేనత్త, డెబ్బై దాటిన మనిషి. కింద కూర్చోలేక కుర్చీలో కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. అన్నం మీద మరిగే చారు పోశారు. పళ్లెం మధ్యలోంచి అట్టలాగా జారిపోయింది. చారంతా ఆమె తొడ మీద పడింది. ఆమె కేక నాకు వంట దగ్గరికి వినిపించింది.

పది రోజులు ఆమె మంచం దిగలేదు. నేను రోజూ ఉద్యోగం నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లి, మందు రాసి, కట్టు మార్చేదాన్ని. మొదటి రోజు కట్టు విప్పుతూ ఏడ్చేశాను. ఆమే మాట్లాడింది.

"ఏడ్వకు బిడ్డా. నీ పళ్లెం మంచిదే గావచ్చు. గని అది ఎంతసేపు ఆగుతదో నాతోని ముందుగాల చెప్పాలె గదా? చెప్తే నేను ఒళ్లె పెట్టుకోకపోదును."

ఈ ముప్పై ఏళ్లలో వస్తువు మీద ఏం రాయాలో నాకు ఎవరూ అంతకంటే బాగా చెప్పలేదు. ఆ తర్వాత వానాకాలం చూడని ఏ వస్తువునూ నేను బయటికి పంపలేదు.

బర్రె తిన్నా ఏం కాదంట

పళ్లేలు ఆగిపోయాయి. సంచులు కూడా వట్టి పిండితో చేస్తే వారాలు గడిచేకొద్దీ పెళుసెక్కి చిట్లుతున్నాయి. సేఠ్ ఓపిక అయిపోయింది. అప్పుడు ఆయనకు ఒక ఉపాయం దొరికింది. పాలిథిన్ దాణాలోనే, అంటే ముడిసరుకు గింజల్లోనే, కొంత పిండి కలిపి సంచి చేస్తే మిషన్ ఆగదు, సంచి చిట్లదు, పైన ఆకు బొమ్మ వేయొచ్చు. ఒక సేల్స్ మనిషిని పెట్టుకున్నాడు. గేటు మీదికి ఆకు బొమ్మ వచ్చింది ఆ నెలలోనే.

మొదట నేనూ చూసీ చూడనట్టున్నాను. అది ఒప్పుకోవాలి. పళ్లేల దెబ్బతో నాకు ఎదురు చెప్పే ధైర్యం లేదు.

ఒక ఆదివారం మా తమ్ముడు మల్లేశ్, బాపు తర్వాత బర్రెలు చూసుకుంటున్నవాడు, పాలు పిండుతూ అడిగాడు.

"అక్కా, మీ కంపెనీ కవర్లు బర్రె తిన్నా ఏం కాదంట గదా? మీ మనిషి పాల దుకాణాలల్ల తిరిగి చెప్తున్నడు. లోపల కరిగిపోతదంట."

నా చేతిలోని గ్లాసు కింద పెట్టేశాను. కవరు మింగి, కడుపు ఉబ్బి చచ్చిపోయిన బర్రెను మా కొట్టంలోనే చూశాను నేను. కోసి చూస్తే బయటికి తీసింది గంపెడు పాలిథిన్. ఆ రోజు మా బాపు అన్నం తినలేదు.

"తిననియ్యకురా," అన్నాను. "ఒక్కటి గూడ తిననియ్యకు. అందరికీ చెప్పు."

ఆ సాయంత్రమే కొట్టం వెనక పేడ గుంతలో మూడు ముక్కలు పాతిపెట్టాను. ఒకటి వట్టి పిండితో చేసినది, ఒకటి మామూలు పాలిథిన్, ఒకటి సేఠ్ కొత్త సంచిది. వాన, చలి రెండూ పోయాక మల్లేశ్‌ను పక్కన పెట్టుకుని తవ్వాను. పిండి ముక్క ఆనవాలు లేదు. పాలిథిన్ పెట్టింది పెట్టినట్టే ఉంది. కొత్త సంచి ముట్టుకుంటే చిరిగి తునకలయింది. పురుగులు పిండిని తినేశాయి. మిగిలిన పాలిథిన్ జల్లెడలాగా అయిపోయి, గోరంత గోరంత ముక్కలుగా పేడలో కలిసిపోయింది. మల్లేశ్ వాటిని ఏరడానికి చూశాడు. పది ఏరేలోపు ఇరవై జారిపోయాయి.

ఆ పేడను ఒక డబ్బాలో వేసుకుని సోమవారం ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను.

సేఠ్ బల్ల మీద అప్పటికే ఒక కాగితం ఉంది. ఒక పెద్ద దుకాణాల కంపెనీకి పంపవలసిన పరీక్ష రిపోర్టు. సంచి మట్టిలో పూర్తిగా కలిసిపోతుందని టైపు చేసి ఉంది. కింద నా పేరు, సంతకానికి ఖాళీ.

"పెట్టమ్మా," అన్నాడు.

డబ్బా మూత తీసి చూపించాను. వాసనకు సేల్స్ మనిషి రుమాలు తీసుకున్నాడు.

"ఇది కలిసినట్టు గాదు సేఠ్. కలిసింది పిండి. మిగిలింది పాలిథిన్. అంతకుముందు ఒక్క కవరుంటే చేత్తోని ఏరేటోళ్లం. ఇప్పుడు వెయ్యి ముక్కలయితది. ఎవడేరుతడు?"

"దునియా మొత్తం గిట్లనే నడుస్తుంది. మనమొక్కళ్లమేనా?"

"దునియా మొత్తానికి నేను సంతకం పెడ్తలేను. గీ కాయితానికే అడుగుతున్నరు. నేను పెట్ట."

"నీ పళ్లేలు పోయినప్పుడు నేనేమన్నా అన్ననా? మిషన్ స్క్రూ తినేసినప్పుడు నిన్ను పంపించిన్నా? ఇంతమంది బతుకుతున్నరు గీ షెడ్డు మీద. వాళ్ల ఫికర్ లేదా నీకు?"

ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే సేఠ్ చెడ్డవాడు కాదు. గౌస్ భాయ్ కంటి ఆపరేషన్ ఆయనే చేయించాడు. ఎవరి ఇంట్లో చావైనా ముందు నిలబడేవాడు. చెడ్డవాడు అడిగితే కాదనడం తేలిక. మంచివాడు, మనకు మేలు చేసినవాడు, న్యాయంగా వినిపించే మాటతో అడుగుతాడు. మీకు కూడా అలాగే అడుగుతారు. సిద్ధంగా ఉండండి.

"ఉన్నది సేఠ్. అందుకే పెట్ట," అన్నాను. "ముసల్దాని కాలు ఒకసారి కాల్చిన. మా తమ్మునోళ్ల బర్రెల కడుపులల్ల గీ కవర్లు నింప."

"నువ్వు పెట్టకుంటే ఇంకొకరు పెడ్తరు."

"పెట్టుకోమనండి."

పెట్టారు. బయటి నుంచి ఎవరో వచ్చి పెట్టి వెళ్లారు. సంచులు దుకాణాలకు పోయాయి. నేను ఆపలేకపోయాను. నా సంతకం లేకపోతే ప్రపంచం ఆగిపోతుందని అనుకోకండి. అది ఆగదు. నా పేరు మాత్రం ఆ కాగితం కింద లేదు. నాకు అది చాలు. చాలదనేవాళ్లతో నాకు మాటలు లేవు.

గోదాంలో

మరుసటి వారం నన్ను ల్యాబ్ నుంచి తీసి గోదాంకు వేశారు. బస్తాలు వచ్చినప్పుడు చూసుకోవాలి, పోయినప్పుడు చూసుకోవాలి. నేనే రాజీనామా ఇచ్చి పోతానని వాళ్ల ఆశ. ఇవ్వలేదు. ఎందుకివ్వాలి? తప్పు నాది కాదు. టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ తొమ్మిది కొట్టకముందే వెళ్లి కూర్చునేదాన్ని.

గోదాం మూలన పళ్లేలు చేసిన పాత ప్రెస్సు ఒకటి తుప్పు పడుతూ ఉంది. పల్లీ పొట్టు బస్తాలు కూడా మిగిలాయి. మధ్యాహ్నం తినే వేళకు గౌస్ భాయ్ అక్కడికి వచ్చి కూర్చునేవాడు. ఒక రోజు ప్రెస్సుకు నూనె పెట్టి, "ఖాళీగ ఎందుకు కూసుంటవ్ బహెన్?" అన్నాడు.

మలక్‌పేటలో మరియమ్మ అని ఒక ఆమె నర్సరీ నడిపేది. భర్త రైల్వేలో ఉద్యోగం చేసి చనిపోయాడు. ఆమె మా దగ్గర నల్ల కవర్లు కొనడానికి వచ్చి ఎప్పుడూ ఒకే మాట అనేది. "మొక్క పెట్టేటప్పుడు గీ కవరు చింపాలె. చింపుతుంటే వేరు తెగుతది. సగం మొక్కలు ఆడనే వాడిపోతున్నయ్. నారు తోటి గల్సి భూమిలకే పోయే కవరు చెయ్యరాదా మీరు?"

ఇన్నేళ్లూ నీళ్లు తగిలితే మెత్తబడుతుందని నేను దేన్ని తిట్టుకున్నానో, ఆమెకు కావలసింది అదే. అన్నానికి పనికిరాని వస్తువు మట్టికి పనికొస్తుంది. ఇంత తేలిక మాట నాకు అన్నేళ్లు తట్టలేదు.

తేలిక మాటే గానీ తేలిక పని కాదు. ఆ పాత ప్రెస్సులో పిండి, పొట్టు ఒత్తి చేసిన మొదటి కుండీలు నాలుగు రోజులకే కూలబడ్డాయి. మరియమ్మ వాటిని గంపలో వేసుకుని వచ్చి నా బల్ల మీద గుమ్మరించింది. తర్వాతివి బూజు పట్టాయి. గోడ మందం పెంచాం, గ్లిజరిన్ తగ్గించాం, పొట్టు పెంచాం. లోపల పల్చగా మైనం పూశాం. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పూర్తిగా ఆమె నర్సరీలోనే పెట్టి చూశాను. చివరికి నెల రోజులు నిలబడి, మట్టిలో పెట్టాక మెత్తబడే కుండీ వచ్చింది. మిర్చి నారు వేళ్లు దాని గోడలోంచి తెల్లగా బయటికి పొడుచుకొచ్చిన రోజు మరియమ్మ నన్ను ఫోన్ చేసి పిలిపించుకుంది.

ఈలోగా ఆకు బొమ్మ సంచుల కథ ముగిసింది. ఆ దుకాణాల కంపెనీవాళ్లు తమంతట తామే పరీక్ష చేయించుకున్నారు. నా డబ్బాలో ఉన్నదే వాళ్ల రిపోర్టులోనూ ఉంది. సరుకు మొత్తం వెనక్కి వచ్చింది. లారీ గోదాం ముందు ఆగింది. దింపించుకున్నది నేనే. నాకు సంతోషం కలిగిందా అంటే, కలిగింది. దాచను.

రెండు రోజుల తర్వాత సేఠ్ గోదాంలోకి వచ్చి బస్తా మీద కూర్చున్నాడు. క్షమించమని అనలేదు. నేనూ ఆశించలేదు. కుండీ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇది నిజంగ కలుస్తదా?"

"ఇది కలుస్తది."

"అయితే ఆకు బొమ్మ ఏద్దాం."

"బొమ్మ వద్దు సేఠ్. నేను చెప్పింది రాయించండి."

అట్ట పెట్టె మీద ఇలా రాయించాను: 'నీళ్లు తగిలితే నెలలో మెత్తబడుతుంది. మొక్కతో సహా మట్టిలో పెట్టండి. ఇందులో తినవద్దు. పశువులకు పెట్టవద్దు.'

సేల్స్ మనిషి తల పట్టుకున్నాడు. "సామాను మీద గిట్ల రాస్తే ఎవలు కొంటరు మేడం?"

"నేను కొంట," అంది కుండీల కోసం వచ్చి అక్కడే ఉన్న మరియమ్మ. మొదటి పెట్టె ఆమే ఆటోలో వేసుకుని పోయింది. తర్వాత ఆమె చుట్టుపక్కల నర్సరీలవాళ్లు వచ్చారు. గొప్ప వ్యాపారం కాలేదు. ఒక మిషన్, నలుగురు మనుషులు ఆ పని మీద నిలబడ్డారు. నేను పదవీ విరమణ చేసేదాకా వాళ్లతోనే ఉన్నాను. ల్యాబ్‌కు తిరిగి రమ్మన్నారు. వెళ్లలేదు. గోదాంలో వెలుతురు బాగుంటుంది.

ఒక ఫిర్యాదు

పోయిన వానాకాలంలో ఒక ఉదయం మరియమ్మ ఫోన్ చేసింది. "నీ కుండీ మీద ఒకామె మస్తు లొల్లి చేస్తుంది. నాతోని అయితలేదు. నువ్వే రా."

వెళ్లాను. యాభై దాటిన ఒక ఆవిడ నర్సరీ గేటు దగ్గర కొంగు నడుముకు దోపి నిలబడి ఉంది. ఆమె ఇల్లు ఆ పక్క వీధిలోనే. కుండీలతో సహా వంకాయ మొక్కలు కొనుక్కుపోయి పెరట్లో పెట్టిందట. మొక్కలు బాగా వచ్చాయి. కుండీలు గట్టిగా ఉన్నాయి కదా, మళ్లీ వాడుకుందామని ఇప్పుడు తవ్వి చూస్తే ఏమీ లేదట.

"మంచి కుండీలని తీసుకపోతే ఒక్కటి గూడ మిగల్లే. ఏడబోయినయ్? మాయమయ్యే సామాను అమ్ముతరా మీరు?"

"అవునమ్మా. మాయమయ్యేదే అమ్ముతం. మొక్కలు పెట్టిచ్చిన పెట్టె మీద రాసే ఉన్నది."

"రాస్తరు, అందరు రాస్తరు. నిజంగ గట్లయితదని ఎవలనుకుంటరు?"

ఆమె మమ్మల్ని వెంటబెట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. నేను మోకాళ్ల మీద కూర్చుని మొదటి మొక్క మొదట్లో వేళ్లతో మట్టి తీశాను. దట్టంగా అల్లుకున్న వేళ్లు, రెండు వానపాములు. పల్లీ పొట్టు ముక్క ఒకటి నల్లగా దొరికింది. వేళ్ల మధ్య నలిపితే మట్టయిపోయింది. ఆమె వంగి చూసింది. నమ్మకం కుదరలేదు. గునపం తెచ్చుకుని రెండో మొక్క పక్కన తవ్వడం మొదలుపెట్టింది.

"ఆమెను ఆపరాదా, మొక్క పోతది," అని మరియమ్మ నా భుజం పట్టుకుంది.

"తవ్వనీ," అన్నాను. "ఎంత లోతు కావాల్నో అంత తవ్వనీ."